కోర్‌లు లెక్కపెట్టి బోర్డు కొనకండి

సంపాదకుల గారికి, నమస్కారం.

మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ వైపు మనవాళ్లు నడిపే పీజీలకు, చిన్న ఆఫీసులకు అరచేతిలో పట్టే లైనక్స్ బోర్డు రూటర్‌గా బాగానే సరిపోతుంది. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో అడిగితే ముందు చెప్పేది ప్రాసెసర్‌లో ఎన్ని కోర్‌లు, ఎంత ర్యామ్ అనే. రూటర్ల కోసం చేసిన లైనక్స్ అయిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 16 ఎంబీ ఫ్లాష్ మెమరీ, 128 ఎంబీ ర్యామ్‌తోనే నడుస్తుంది. అడగాల్సింది వేరే: అర్ధరాత్రి కరెంటు పోయి వస్తే, ఎవరూ ముట్టుకోకుండా తనంతట తాను లేస్తుందా?

5 వోల్టుల బోర్డు 3 ఆంపియర్లు లాగుతున్నప్పుడు సన్నటి యూఎస్‌బీ కేబుల్‌లో 0.2 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉన్నా చాలు, 0.6 వోల్టు దారిలోనే పోతుంది. బోర్డుకు చేరేది 4.4. రాస్ప్‌బెర్రీ పై అనే బోర్డు 4.63 వోల్టుల దగ్గరే అండర్ వోల్టేజ్ అని మొత్తుకుంటుంది. అప్పుడు యూఎస్‌బీకి తగిలించిన రెండో ఈథర్‌నెట్ పోర్టు ఉండుండి ఊడిపోతుంది. తిట్లు మాత్రం నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లకు. 12 వోల్టుల బోర్డుకు ఈ బాధ తక్కువ, మినీ యూపీఎస్ కూడా తేలిగ్గా దొరుకుతుంది.

ఎస్‌డీ కార్డు మీద రాస్తుండగా కరెంటు పోతే ఫైల్‌సిస్టమ్ చెడవచ్చు. ఈఎంఎంసీ (బోర్డు మీదే అతికించిన మెమరీ) ఉన్న బోర్డు మేలు. రూట్‌ను, అంటే సిస్టమ్ ఫైళ్లున్న భాగాన్ని, స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌లో రీడ్ ఓన్లీగా ఉంచి, లాగ్‌లు (బోర్డు రాసుకునే చిట్టాలు) ర్యామ్‌లోకి మళ్లించాలి.

ఎక్కువమంది పట్టించుకోనిది గడియారం. చాలా చిన్న బోర్డుల్లో కరెంటు లేకున్నా బ్యాటరీతో నడిచే గడియారం చిప్, ఆర్‌టీసీ, ఉండదు. కరెంటు పోయి వస్తే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ తన సెట్టింగుల ఫైళ్లలో అన్నిటికన్నా కొత్తదాని తేదీ చూసి గడియారం పెట్టుకుంటుంది. అంటే మీరు చివరిసారి సెట్టింగు మార్చిన నాటికి వెనక్కి పోతుంది. రెండు చోట్లను ఇంటర్నెట్ మీదుగా రహస్య టన్నెల్‌తో కలిపే వీపీఎన్, వైర్‌గార్డ్, వాడుతుంటే చిక్కు ఇక్కడే: దాని అవతలి కొస ఇంతకుముందు చూసిన సమయం కన్నా పాత సమయంతో వచ్చిన హ్యాండ్‌షేక్‌ను (కనెక్షన్ మొదలుపెట్టే పలకరింపును), ఏ ఎర్రర్ చెప్పకుండా, పారేస్తుంది. టైమ్ సరిచేసే ఎన్‌టీపీ కూడా ఆ టన్నెల్ గుండానే వెళ్లేలా పెట్టి ఉంటే ఇక ఎన్ని రీబూట్‌లు చేసినా కదలదు. ఎన్‌టీపీని టన్నెల్ బయటి దారిలో, సర్వర్ పేరుతో కాక ఐపీ అడ్రస్‌తో పంపాలి. లేదా డీఎస్3231 అనే ఆర్‌టీసీ మాడ్యూల్ తగిలించాలి. అందులో ఒక మెలిక ఉంది: చౌకగా దొరికే నీలిరంగు మాడ్యూల్‌లో ఛార్జింగ్ సర్క్యూట్ ఉంటుంది, అది ఛార్జ్ అయ్యే ఎల్‌ఐఆర్2032 సెల్ కోసం. మామూలు సీఆర్2032 వేసి 5 వోల్టులు ఇస్తే సెల్ ఉబ్బి పాడవుతుంది. ఛార్జింగ్ దారిలోని రెసిస్టర్ ఊడదీసి, 3.3 వోల్టులే ఇవ్వండి.

బూట్ కాని బోర్డుతో మాట్లాడాలంటే బోర్డు మీది సీరియల్ పిన్నులే దిక్కు; వాటిని యూఎస్‌బీ అడాప్టర్‌తో కంప్యూటర్‌కు కలపాలి. గ్రౌండ్, టీఎక్స్ (పంపేది), ఆర్‌ఎక్స్ (అందుకునేది) మూడే కలపాలి, వీసీసీ (కరెంటు పిన్ను) వదిలేయాలి, అడాప్టర్ 3.3 వోల్టులది కావాలి. స్పీడు సాధారణంగా సెకనుకు 1,15,200 బిట్‌లు. రాక్‌చిప్ ప్రాసెసర్ ఉన్న బోర్డుల్లో చాలావాటికి 15,00,000. పాత సీపీ2102 అడాప్టర్ 10 లక్షలు దాటదు కాబట్టి తెర మీద పిచ్చి అక్షరాలు వస్తాయి. బోర్డు పోయిందనుకుని పారేయకండి, ఎఫ్‌టీ232 అడాప్టర్ పెట్టి చూడండి.

ఇవన్నీ ఆలోచించి చేసిన బోర్డులూ ఉన్నాయి. 2024లో వచ్చిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్ బోర్డులో రెండు వేర్వేరు ఫ్లాష్‌లు, మధ్యలో స్విచ్: ఒకటి చెడితే రెండోదాని నుంచి లేపుకోవచ్చు. ఆర్‌టీసీకి బ్యాటరీ చోటూ ఇచ్చారు. మూడు ఇంటెల్ ఈథర్‌నెట్ పోర్టులతో పేరు తెచ్చుకున్న పీసీ ఇంజిన్స్ ఏపీయూ బోర్డులకు మాత్రం తయారీదారు 2023లోనే ముగింపు ప్రకటించారు. పాతవి దొరికినా స్పేర్‌గా ఇంకొకటి లేకుండా కొనొద్దు.

వైఫై చిప్ ఉన్న బోర్డును బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్‌లో వైర్‌లెస్ పరికరాలకు అనుమతినిచ్చే కేంద్ర ప్రభుత్వ విభాగం డబ్ల్యూపీసీ వారి ఈటీఏ అనే అనుమతి పత్రం అడగవచ్చు. పీజీలో నాలుగు అంతస్తులకు ఒక్క రూటర్ వైఫై ఎలాగూ అందదు కనుక, వైఫై లేని, కేబుల్ పోర్టులే ఉన్న బోర్డు తీసుకుని, అంతస్తుకో వైఫై యాక్సెస్ పాయింట్ ఇక్కడే కొనడం తేలిక.

– ఒక నెట్‌వర్క్ ఇంజనీరు, బెంగళూరు