నురగ లేని చోటే లాగుతుంది: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను అనకాపల్లి జిల్లాలో పనిచేసే ఉపాధ్యాయురాలిని. మా తీరాల్లో జనం ప్రాణాలు కాపాడే లైఫ్‌గార్డులను పెట్టమని అడగడానికే ఈ లేఖ. మా ఊరి నుంచి సముద్రానికి ముప్పావుగంట ప్రయాణం. పూడిమడక, తంతడి, ముత్యాలమ్మపాలెం, రేవుపోలవరం... ఏ ఆదివారం చూసినా ఈ తీరాలకు బైకుల మీద, ఆటోల్లో జనం వస్తూనే ఉంటారు. కార్తీక మాసంలో అయితే ఇక చెప్పనక్కర్లేదు. సరుగుడు తోటల్లో వంటలు, నీళ్లలో పిల్లలు.

2022 జూలైలో పూడిమడకలో జరిగింది మీకు తెలియనిది కాదు. పరీక్షలు అయిపోయాయన్న సంతోషంతో వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థుల్లో ఆరుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. హెలికాప్టర్లు వచ్చాయి, కోస్ట్‌గార్డ్ వచ్చింది. అంత బలగమూ వచ్చింది వెతకడానికే. వాళ్లు నీళ్లలోకి దిగేటప్పుడు ఒడ్డున ఒక్క మనిషి ఉండి "బాబూ, అక్కడ వద్దు, ఇటు రండి" అని ఉంటే ఎలా ఉండేదన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

మా ఇంట్లో కూడా అలాంటి రోజు ఒకటి వచ్చింది. రెండేళ్ల కిందట కార్తీకంలో అందరం కలిసి ఇలాంటి ఒక తీరానికే వెళ్లాం. మా తమ్ముడి కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, చెరువులో బాగా ఈదుతాడు. అలలు ఎక్కువ లేని చోటు చూసుకునే దిగాడు. అంతకుముందు ఆ చోటు చూసి మేం కూడా "అక్కడైతే ఫర్వాలేదులే" అనుకున్నాం. అయిదు నిమిషాల్లో వాడి తల చాలా దూరంలో కనపడింది. కేక లేదు, ఏమీ లేదు. మునిగిపోయేవాళ్లు అరుస్తారనుకుంటాం. అరవడానికి ఊపిరి ఎక్కడుంటుంది?

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు చూశారు. "ఎదురీదొద్దు, తేలు, తేలు!" అని కేకేస్తూ తెప్ప తోసుకుని వెళ్లారు. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను వాడి వైపు విసిరారు. వాడు దాన్ని గుండెలకు హత్తుకుని తేలాడు. ఒడ్డుకొచ్చాక కూడా ఆ క్యాను వదల్లేదు, వేళ్లు మేమే విడదీయాల్సి వచ్చింది.

అప్పుడు ఆ పెద్దాయన నీళ్ల వైపు చెయ్యి చూపించి, "నురగ లేని కాడే కదేటమ్మా లాగీది" అన్నారు. నలభై ఏళ్లుగా సముద్రం పక్కనే బతుకుతూ ఆ మాట నేను మొదటిసారి విన్నాను.

తర్వాత దాని గురించి చదివాను. అలలు ఒడ్డుకు తోసిన నీళ్లు మళ్లీ లోపలికి పోవాలి. ఒడ్డుకు కాస్త దూరంలో నీటి అడుగున ఇసుక మేటలు వేసి ఉంటాయి. ఆ మేటకు ఎక్కడ గండి ఉంటే అక్కడి నుంచి నీళ్లు కాలువలా వెనక్కి పరుగెడతాయి. రిప్ కరెంట్ అంటే ఇదే. గండి దగ్గర లోతెక్కువ కాబట్టి అల విరగదు, నురగ రాదు, నీళ్లు కాస్త ముదురు రంగులో నిదానంగా కనపడతాయి. తెలియనివాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. ఆ లాగుడు ఒక్కోసారి సెకనుకు 2 మీటర్లు కూడా దాటుతుంది, ఒలింపిక్ ఈతగాళ్లు సైతం ఎదురీదలేరు. అయితే అది మనిషిని కిందికి లాగదు, లోపలికి లాగుతుంది. కంగారుపడకుండా తేలుతూ చెయ్యెత్తి సాయం అడగాలి. ఈత వస్తే ఒడ్డు వెంబడి పక్కకు ఈది, లాగుడు దాటాక ఒడ్డుకు రావాలి. ఈ నాలుగు ముక్కలు మా జిల్లాలో ఏ తీరంలోనూ ఒక బోర్డు మీద రాసి ఉండగా నేను చూడలేదు. నేను చూసిందల్లా తుప్పు పట్టిన "స్నానాలు నిషేధం" బోర్డులే.

ఇంకో సంగతి. ఆ గండి ఒకే చోట ఉండదు. ఈ వారం ఇక్కడుంటే, పెద్ద అలలొచ్చాక ఇంకో చోటికి మారుతుంది. నదులు, గెడ్డలు సముద్రంలో కలిసే చోట్ల ఇసుక మరీ త్వరగా కదులుతుంది. కాబట్టి బోర్డు ఒక్కటే చాలదు. పొద్దున్నే నీళ్లు చూసి, ఈ రోజు దిగదగ్గ చోటేదో చెప్పే మనిషి కావాలి. చాలా దేశాల్లో లైఫ్‌గార్డులు చేసేది ఇదే. ఎరుపు, పసుపు రంగుల జెండాలు రెండు పాతి, వాటి మధ్యనే దిగమంటారు. గోవాలో 2008 నుంచి తీరాల్లో లైఫ్‌గార్డుల వ్యవస్థ నడుస్తోంది. మనకూ చేతకానిదేం కాదు. విశాఖలోని రిషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది, దానికి లైఫ్‌గార్డులు, ప్రథమ చికిత్స, మరుగుదొడ్లు అన్నీ ఉండాలి. కొత్త లెక్కల ప్రకారం మన తీరం 1,053 కిలోమీటర్లు. మిగతా చోట్లకు వెళ్లేవాళ్లవి కూడా ప్రాణాలే కదండీ.

ప్రమాదం జరగగానే బీచ్ మూసేయడం పరిష్కారం కాదు. 2024 జూన్‌లో బాపట్ల జిల్లాలో వరసగా ప్రాణాలు పోయాక అలాగే కొన్నాళ్లు మూశారు. దారిలో కాపలా ఉన్నన్నాళ్లే జనం ఆగుతారు. లేదంటే పక్క ఊరి తీరానికి పోతారు, అక్కడ ఇంకా ఎవరూ ఉండరు.

హైదరాబాద్‌లో ఉండి సముద్రం సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ పెద్ద అలల హెచ్చరికలు ముందుగానే ఇస్తుంది. వేటకెళ్లేవాళ్లకు అవి చేరుతున్నాయి, పిక్నిక్‌కి వచ్చేవాళ్లకు చేరడం లేదు. ఊళ్లోంచి తీరానికి తిరిగే మలుపులో ఒక నల్లబల్ల పెట్టి రోజూ రాయించినా చాలు.

మరుగుదొడ్డి గురించి కూడా చెప్పాలి. అది వేరే విషయం అనుకోకండి. మా వెంట వచ్చిన ఆడవాళ్లం బట్టలు మార్చుకోవడానికి చీరలు అడ్డం పట్టుకుని తోటల్లోకి దూరంగా వెళ్లాల్సి వచ్చింది. ఆ పావుగంట పిల్లల్ని చూసేవాళ్లు లేరు. మా తమ్ముడి కొడుకు నీళ్లలోకి దిగింది ఆ పావుగంటలోనే.

ప్రతి తీర గ్రామంలో నీళ్లు తెలిసిన యువకులున్నారు. వాళ్లకు శిక్షణ, యూనిఫాం, నెలనెలా జీతం ఇవ్వండి. ఆగిన ఊపిరిని, గుండెను నిలబెట్టే సీపీఆర్ నేర్పించండి. మునిగినవాళ్లను బోర్లా వేసి పొట్ట నొక్కడం ఇప్పటికీ మా దగ్గర జరుగుతోంది. ఊపిరి ఆగిపోతే ఆ సమయంలో కావాల్సింది నోటితో ఊపిరి అందించడం, గుండె మీద నొక్కడం. రానున్న కార్తీకం లోపు, కనీసం జనం ఎక్కువగా వచ్చే తీరాల్లో, ఆదివారాల్లోనైనా ఇది మొదలుపెట్టమని వేడుకుంటున్నాను.

ఆ రోజు మా తమ్ముడు ఆ పెద్దాయన చేతిలో డబ్బులు పెట్టబోతే తీసుకోలేదు. "నాకెందుకు బాబూ. ఎవరికైనా చెప్పి ఓ మంచి తాడు, గాలి ట్యూబు రెండు ఇప్పించండి. ఇక్కడ కట్టుకుంటాం" అన్నారు. మేం కొనిచ్చాం. ఆ ఒక్క చోట అవి ఉన్నాయి.

ఇట్లు,
అనకాపల్లి జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయురాలు