జోన్ మార్చే ముందు ఈ లెక్కలు వేయించండి

నగర ప్రణాళికాధికారి గారికి,

నమస్కారం. నివాస జోన్‌లోని భూమిని కార్పొరేట్ ఆఫీసుల కోసం వాణిజ్య జోన్‌గా మార్చాలన్న దరఖాస్తు మీ ముందుంది. ఆఫీసులు వద్దని మేం అనడం లేదు. కానీ జోన్ మార్పు వర్తించేది భూమికి, కంపెనీకి కాదు. రేపు ఆ కంపెనీ స్థలం అమ్ముకుని వెళ్లిపోతే, కొన్నవాళ్లు ఆ జోన్‌లో చెల్లే ఏ కట్టడమైనా లేపొచ్చు. అందుకే ఇప్పుడు చూపిస్తున్న డిజైన్‌ని బట్టి కాకుండా, కొత్త జోన్ అనుమతించే గరిష్ఠ నిర్మాణాన్ని బట్టి లెక్క వేయించండి.

లక్ష చదరపు మీటర్ల ఆఫీసులో మనిషికి 10 చదరపు మీటర్లనుకుంటే 10,000 మంది. వాళ్లలో మూడో వంతు ఒకే గంటలో తలో కారులో వస్తే 3,300 బండ్లు. సిగ్నల్ దగ్గర సగం సమయం పచ్చలైటు ఉన్నా, ఒక్కో వరుసలో గంటకు దాటేవి సుమారు 900. రోజు సగటు చూపే నివేదికలో ఇది కనపడదు. రద్దీ వేళ పావుగంటకోసారి లెక్కించమనండి.

వాననీటి సంగతి ఇంకా ముఖ్యం. హెక్టారు మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 5 లక్షల లీటర్లు. మట్టినేల మీంచి అందులో 30 శాతం పారుతుందనుకుంటే, కాంక్రీటు మీంచి 90 శాతం దాకా పారుతుంది. అంటే లక్షన్నర లీటర్లు కాస్తా నాలుగున్నర లక్షలవుతాయి. పాత కాలువ అంత నీటిని మోయలేదు, పల్లపు ఇళ్లు మునుగుతాయి. నీటిని ఆపి నెమ్మదిగా వదిలే తొట్టి ఆ స్థలంలోనే కట్టించండి. పూడిక ఎవరు తీయాలో కూడా రాయించండి, పూడిన తొట్టి ఉన్నా లేనట్టే.

ఈ షరతులు కంపెనీ ఇచ్చే హామీ పత్రంలో కాదు, ఉత్తర్వులోనే ఉండాలి. రోడ్డు, కాలువ పూర్తయ్యాకే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే భవనాన్ని వాడుకునే అనుమతి, ఇవ్వండి. గడువులోగా పని మొదలుపెట్టకపోతే పాత జోనే వర్తించాలి. నివేదికలన్నీ బహిరంగ విచారణకు ముందే ప్రజల ముందు పెట్టండి.