రెయిన్‌బో రోడ్ అంచులకు కంచె వేయవద్దు

సంపాదకులకు నమస్కారాలు.

కార్ట్ రేసింగ్ వీడియో గేమ్‌ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. మారియో కార్ట్ ఆటలోని రెయిన్‌బో రోడ్ అనే ట్రాక్ అందాన్ని వ్యాసకర్త ఎంతగానో మెచ్చుకున్నారు. అయితే దారి అంచులకు రెయిలింగ్ లేకపోవడం పాతకాలపు లోపమనీ, కొత్త ఆటల్లో ఈ ట్రాక్‌ను మళ్లీ రూపొందించేటప్పుడు రెండు వైపులా పూర్తిగా కంచె వేస్తే పిల్లలకూ కొత్తగా ఆడేవారికీ మేలు జరుగుతుందనీ అభిప్రాయపడ్డారు. పిల్లల గురించి ఆయనకున్న శ్రద్ధను గౌరవిస్తూనే, ఆ సూచనతో ఏకీభవించలేనని చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆకాశంలో వేలాడే దారి అన్నది ఆ ట్రాక్ ఊహ. పడిపోయే వీలు లేకపోతే ఆ దారి ఆకాశంలో ఉన్నా నేల మీద ఉన్నా ఒకటే, రంగులు మాత్రమే మిగులుతాయి.

ఈ ట్రాక్ మొదట కనిపించింది 1992లో జపాన్‌లో నింటెండో విడుదల చేసిన సూపర్ మారియో కార్ట్‌లో. షిగేరు మియమోతో నిర్మాతగా, తదాషి సుగియామా, హిదెకి కొన్నో దర్శకులుగా తయారైన ఆ ఆటలోని 20 రేసు ట్రాక్‌లలో ఆఖరిది, స్పెషల్ కప్ అనే రేసుల వరుసను ముగించేది రెయిన్‌బో రోడ్. ఆ ఆట నడిచిన సూపర్ ఫామికామ్ అనే గేమ్ యంత్రానికి ఇప్పటి యంత్రాల్లాగా త్రిమితీయ లోకాన్ని గీసే శక్తి లేదు. మోడ్ 7 అనే పద్ధతిలో చదునైన ఒకే చిత్రాన్ని నేలలా పరిచి, దాన్ని తిప్పుతూ, దూరాన్ని బట్టి చిన్నది పెద్దది చేస్తూ, ఆడేవారికి బండి నడుపుతున్న భ్రమ కలిగించేవారు. నేలంతా ఒకే చిత్రం కాబట్టి కొండలకూ లోయలకూ అందులో చోటు లేదు. రూపకర్తల చేతుల్లో మిగిలినవి దారి వెడల్పు, మలుపుల కోణం, దారిలోని అడ్డంకులు, దారి పక్కన ఏముంటుందన్న విషయం, అంతే. మారియో సర్క్యూట్‌లో దారి తప్పిన బండి గడ్డిలోకో మట్టిలోకో వెళ్లి నెమ్మదిస్తుంది, మళ్లీ దారికి వస్తుంది. రెయిన్‌బో రోడ్‌లో దారి పక్కన ఏమీ లేదు. లంబకోణపు మలుపులో క్షణం ఆలస్యంగా తిప్పితే బండి నేరుగా శూన్యంలోకి పోతుంది, మేఘమెక్కి వచ్చిన లకిటు అనే పాత్ర గాలంతో పైకి లాగి దారి మీద పెట్టేలోగా వెనకున్నవారు దాటిపోతారు. పైనుంచి దబ్బున పడే థ్వాంప్‌లనే రాతి దిమ్మెలు ఈ ట్రాక్‌లో మెరుస్తూ ఉంటాయి, వాటిని తాకినా చాలు బండి గిర్రున తిరుగుతుంది. ఎత్తూ పల్లమూ లేని చదునైన బొమ్మతో అంత ఎత్తున ఉన్నామన్న భయాన్ని పుట్టించడం చిన్న పనితనం కాదు. ఆ పనితనమంతా అంచు దగ్గరే ఉంది. దాన్ని లోపమని పిలవడం నాకు బాధ కలిగించింది.

1996లో వచ్చిన మారియో కార్ట్ 64ను చూపించి, అందులో రెయిన్‌బో రోడ్ పొడవునా కంచె ఉన్నా ఆ ట్రాక్‌ను జనం ప్రేమించారు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, చీకటి ఆకాశంలో ఆట పాత్రల ముఖాలు నియాన్ దీపాల్లా వెలుగుతుంటే, నెమ్మదైన సంగీతం వినిపిస్తుంటే, ఆ దారిలో వెళ్లడం హాయిగా ఉంటుంది. కానీ పోటీగా చూస్తే అది బలహీనమైన ట్రాక్ అని నా అభిప్రాయం. చుట్టుకు సుమారు 2 కిలోమీటర్ల చొప్పున మూడు చుట్లు, మొత్తం ఇంచుమించు 6 నిమిషాలు. అంతసేపూ ఎదురయ్యే చెయిన్ చాంప్‌లనే నల్లటి గుండ్లలాంటి జీవులను తప్పించుకోవడం తప్ప తప్పు చేయడానికి అవకాశమే తక్కువ. ఆ ట్రాక్‌ను బాగా ఎరిగినవారు ఇప్పటికీ ముచ్చటించుకునేది మొదటి దిగుడు దగ్గరి దూకుడు గురించి. అక్కడ సరైన క్షణంలో కంచె మీదుగా ఎగిరితే చాలా దిగువన ఉన్న దారి మీద పడి, చుట్టులో పెద్ద భాగాన్ని దాటేయవచ్చు. గురి తప్పితే మాత్రం శూన్యమే. కంచె వేసిన ట్రాక్‌లోనూ అందరికీ ఉత్కంఠ కలిగించింది కంచె అవతలి చోటే. 2014 నాటి మారియో కార్ట్ 8లో ఇదే ట్రాక్‌ను మళ్లీ తెచ్చినప్పుడు మూడు చుట్లు తీసేసి, ఒకే చుట్టును మూడు భాగాలుగా విభజించారు. ఆ నిడివి భారమని రూపకర్తలకూ అనిపించే ఉంటుంది.

పాత ట్రాక్‌ను ఎలా మళ్లీ తేవాలో చూపే మంచి ఉదాహరణ 1992 నాటి రెయిన్‌బో రోడ్‌కు 2011లో మారియో కార్ట్ 7లో ఇచ్చిన కొత్త రూపం. థ్వాంప్ నేలను గుద్దినప్పుడల్లా దారి అలల్లా లేచి పడేటట్టు చేశారు, ఆ అలల మీద విన్యాసం చేసి వేగం పుంజుకునే వీలు కల్పించారు. అంచులను మాత్రం ముట్టుకోలేదు. పాత యంత్రం చేయలేనిదాన్ని చేర్చి, అది గొప్పగా చేసినదాన్ని అలాగే ఉంచారు.

ఇక పిల్లల సంగతి. 2017లో నింటెండో స్విచ్ యంత్రం కోసం వచ్చిన మారియో కార్ట్ 8 డీలక్స్‌లో స్మార్ట్ స్టీరింగ్ అనే సౌకర్యం ఉంది. అది పనిచేస్తున్నప్పుడు బండి వెనక చిన్న యాంటెనా కనిపిస్తుంది. బండి అంచు దాటబోతే అదే వెనక్కి మళ్లిస్తుంది, కాబట్టి చిన్నపిల్లలు కూడా రెయిన్‌బో రోడ్‌ను పడకుండా పూర్తిచేయగలరు. దానికి బదులుగా కొన్ని అడ్డదారులు వారికి అందవు, అది న్యాయమైన షరతే. అన్నిటికన్నా నాకు నచ్చినది, ఆ సహాయాన్ని ట్రాక్‌కు కాక బండికి ఇవ్వడం. ఒకే పోటీలో తమ్ముడు దాన్ని పెట్టుకోవచ్చు, అక్క తీసేయవచ్చు, ఇద్దరూ అదే దారి మీద, అదే శూన్యం పక్కన పరుగెత్తుతారు. అలవాటయ్యాక తమ్ముడు కూడా తీసేసి చూసుకుంటాడు. అంతకన్నా నెమ్మదిగా మొదలుపెట్టాలనుకునేవారికి బండ్లు తక్కువ వేగంతో నడిచే 50 సీసీ తరగతి ఎలాగూ ఉంది. దారికే కంచె వేస్తే ఎంచుకునే హక్కు ఇద్దరికీ పోతుంది. చేయి తిరిగిన పిల్లలకు ఎదురుచూడవలసిన కష్టమూ మిగలదు.

మీ పత్రిక వీడియో గేమ్‌లకు చోటివ్వడం నాకు సంతోషం. ఇకముందు ఇలాంటి ట్రాక్‌ల గురించి రాసేవారు దీపాలు, రంగులు, నేపథ్య చిత్రాల వర్ణనతో ఆగకుండా, దారి ఎంత వెడల్పుందో, మలుపు ఎక్కడ బిగుసుకుంటుందో, అంచు ఎక్కడ తెరిచి ఉందో, పడితే ఎంత నష్టమో కూడా రాయాలని కోరుతున్నాను. ట్రాక్‌ను మార్చమని సలహా ఇచ్చే ముందు, ఆ అంచు అక్కడ ఏ పని చేస్తున్నదో పాఠకులకు చెప్పే బాధ్యత విమర్శకుడిదే.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు