నక్షత్రం సంగతి

పర్లాకిమిడి,
డిసెంబరు 3

బాబూ,

మొన్న ఫోనులో ‘ఈసారి క్రిస్మస్‌కు ఒక్కడినే వస్తాను నాన్నా’ అన్నావు. నీ పక్కన ఎవరో ‘ఏకుటియా?’ అని గొణిగారు. ఒంటరిగానా అని ఒడియాలో దిగులుపడిన ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

పోయినేడు నక్షత్రం కట్టడానికి మీరిద్దరూ డాబా ఎక్కారు. వెదురు బద్దలు నేను చీల్చి ఇచ్చాను. రంగు కాగితాలూ, ఉడికించిన మైదా జిగురూ అమ్మ ఇచ్చింది. అరగంట పని. ఈలోగా క్యారల్స్ వాళ్లు వచ్చి తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి, సవరలో ఒకటి పాడి, అరిసెలు తిని పక్క వీధికి వెళ్లిపోయారు. మీరు దిగలేదు. ఎప్పటికో దిగితే, అయిదు కొమ్మల నక్షత్రంలో నాలిగింటికే కాగితం ఉంది, లోపల బల్బు లేదు. నీ నీలం చొక్కా వీపు మీద మాత్రం, గుమ్మానికి వేసిన పసుపు ముద్రలా, అయిదు వేళ్లూ అరచేయీ జిగురుతో అచ్చుపడి ఉన్నాయి. ‘గోడకు ఆనుకున్నాను’ అన్నావు. గోడకు వేళ్లెప్పుడు మొలిచాయని అడగబోతే అమ్మ నా కాలు తొక్కింది.

మర్నాడు ఆ చొక్కా నానబెట్టి, ఎండిన మైదాను గోటితో గీకుతూ, ‘పిల్లాడిది పెద్ద చెయ్యే’ అంది. ఆమె విచారణ అంతటితో ముగిసింది.

నాకు మాత్రం కొన్నాళ్లు నిద్ర పట్టలేదు. అబద్ధమెందుకు? నేను రెండున్నర అడుగుల పట్టాల మీద గార్డుగా పనిచేసినవాణ్ణి. 1900లో మన ఊరికి వచ్చిన ఆ చిన్న రైలును 2004లో ఆపేస్తే, గుణుపురం దాకా పెద్ద బండి వెళ్లేసరికి 2011 అయింది. గేజు మార్చడమంటే పట్టాలు కాస్త ఎడంగా జరపడం కాదు మరి. నాకు మూడు నెలలే పట్టింది. కొంచెం గర్వంగానే చెబుతున్నాను.

2018 సెప్టెంబరులో ఇద్దరు మగవాళ్ల ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు అన్నప్పుడు, ఆ వార్త దాటేసి క్రికెట్ పేజీకి పోయాను. 2023 నాటి తీర్పును ఈమధ్యే వెతికి చదివాను. పెళ్లి మాట పార్లమెంటు చూసుకోవాలట. సరే, మనింట్లో అరిసెలు తినడానికి పార్లమెంటు అక్కర్లేదు కదా.

వీధిలో అడగరా అంటావు. అడుగుతున్నారు. ‘ఆ ఒడియా అబ్బాయి బడదినకు, అదే క్రిస్మస్‌కు, రాడా?’ అని ఎదురింటావిడ రెండుసార్లు అడిగింది. ఆవిడ దిగులంతా అతను సాల చెట్టు ఆకుల్లో కాల్చిన ఛెనాపోడ అనే పాలవిరుగుడు మిఠాయి గురించి.

ఇంకో సంగతి. వారం కిందట అతనే ఫోను చేసి, బీపీ మాత్రలు వేసుకుంటున్నానా అని అడిగాడు. ఎప్పుడూ బాబాయ్ అన్నట్టు ‘మౌసా’ అని పిలిచేవాడు, ఈసారి నోరు జారి, నాన్నా అన్నట్టు ‘బాపా’ అన్నాడు. అని, బెదిరిపోయి పెట్టేశాడు. మళ్లీ చెయ్యమను. మాత్రల సంగతి నేనింకా చెప్పనేలేదు.

విశాఖ నుంచి గుణుపురం బండికి రెండు టికెట్లు తీసుకో. కిలో మైదా తెచ్చిపెట్టాను. డాబా మీదే కట్టండి, నేను పైకి రాను. తెల్ల చొక్కా వేసుకోమని అమ్మ చెప్పమంది. జిగురు కనపడదట.

మీ
నాన్న