బ్రాకెట్లు గురువారం లోపు పంపండి

అందరికీ నమస్కారం. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ నాకౌట్ టోర్నీ జట్లు ఖరారయ్యాయి. గురువారం మధ్యాహ్నం మొదటి రౌండ్ మొదలవుతుంది కాబట్టి, ఆలోపే మీ బ్రాకెట్ (ఏ మ్యాచ్‌లో ఎవరు గెలుస్తారో ముందే ఊహించి రాసే పట్టిక) నింపి ఫొటో ఇక్కడ పెట్టండి. ఆట మొదలయ్యాక దిద్దుబాట్లు వద్దు.

ఈ ఏడాదే చదువుకు వచ్చి గ్రూపులో చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం కొంచెం చెబుతాను. నాలుగు ప్రాంతాలు, ఒక్కోదానిలో 1 నుంచి 16 వరకు సీడ్‌లు, అంటే బలాన్ని బట్టి జట్లకు ఇచ్చే ర్యాంకులు; 1 అన్నిటికన్నా బలమైనది. ఒక్కసారి ఓడితే ఇంటికే.

1వ సీడ్ మీద 16వ సీడ్ గెలవదని మాత్రం కళ్లు మూసుకుని రాసేయకండి. 2018లో టోర్నీ మొత్తానికే అగ్ర సీడ్ వర్జీనియా. ఎదురుగా యూఎంబీసీ అనే చిన్న జట్టు. సగం ఆట అయ్యేసరికి 21-21. ఆ తర్వాత చిన్న జట్టు గేట్లెత్తినట్టు పాయింట్లు కొట్టి 74-54తో గెలిచింది. పురుషుల టోర్నీలో అది మొదటిసారి. మహిళల్లో హార్వర్డ్ 1998లోనే స్టాన్‌ఫర్డ్‌ను అలా ఓడించింది, ఈ సంగతి చాలామందికి తెలియదు.

నాకు అంతకన్నా ఇష్టమైనది మరుసటి ఏడాది. అంత అవమానం మోసిన వర్జీనియా 2019 ఫైనల్లో టెక్సస్ టెక్‌ను అదనపు సమయంలో 85-77తో ఓడించి కప్పు ఎత్తింది. అందుకే నా బ్రాకెట్‌లో నిరుడు తొందరగా ఓడిన జట్లను కూడా దూరం దాకా తీసుకెళ్తాను.

మహిళల టోర్నీకీ విడిగా బ్రాకెట్ పెడుతున్నాం, రెండూ నింపండి. ఫైనల్ రాత్రి అందరం మా ఇంట్లోనే చూద్దాం. ఎంతమంది వస్తారో ముందే చెబితే భోజనాలు చూసుకుంటాం.