గురువారానికి పది రోజులు

కర్నూలు,
ఆదివారం

చిన్నమ్మీ,

ఫోనులో చెప్తే సగం మరిచిపోతావని రాసి, ఫొటో తీసి పంపుతున్నా. పడిశం పట్టి ఆరు రోజులు, వంగితే చెంపల్లో బరువు, చీమిడి పచ్చగా వస్తోంది, మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొనుక్కోనా అని అడిగినావు. ఇప్పుడే వద్దు.

ముఖం ఎముకల్లో నాలుగు జతల గాలి గదులుంటాయి, వాటినే సైనస్‌లంటారు. ప్రతి గదికీ ముక్కులోకి ఒక సన్నని దారి. లోపలి పొర మీది నూగు చీమిడిని ఆ దారి వైపు ఊడుస్తుంటుంది. చెంప గదికి ఆ దారి అడుగున లేదు, పైన కంటి దగ్గరుంది. తూము గోడ పైభాగాన పెట్టిన తొట్టి అనుకో. తనంతట కారిపోదు, నూగే పైకి మోయాలి. పడిశానికి పొర వాచిందంటే దారి మూసుకుంటుంది, లోపలిది నిలవ పడుతుంది. నీ చెంప బరువు అదే. చాలావరకు ఇది వైరస్ పని, దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పచ్చరంగు మన తెల్ల రక్తకణాల వల్ల వస్తుంది, వైరస్ పడిశంలోనూ ఉంటుంది. కాబట్టి రంగు చూడొద్దు, రోజులు లెక్కపెట్టు. పది రోజులైనా ఏమాత్రం తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ జ్వరం, నొప్పి తిరగబెట్టినా, మొదట్నుంచే 102 డిగ్రీల జ్వరం, చీము, ముఖం నొప్పి మూడు నాలుగు రోజులు వరసగా ఉన్నా, అప్పుడు బాక్టీరియా అని అనుమానించాలి. అప్పుడైనా మందు డాక్టరే రాయాలి. మామూలుగా అమాక్సిసిలిన్-క్లావులానేట్ ఐదు నుంచి ఏడు రోజులు ఇస్తారు. అన్నం తినేటప్పుడు వేసుకుంటే కడుపులో తిప్పదు. ఇది పెన్సిలిన్ జాతి మందే, అది పడనివాళ్ళు ముందే చెప్పాలి.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఉప్పునీళ్ళతో ముక్కు కడగడం. హాస్టల్ క్యాన్ నీళ్ళయినా సరే, బాగా తెర్లేదాకా కాచి, ఇంకో నిమిషం తెర్లనిచ్చి, గోరువెచ్చగా ఆరనీ. తాగితే ఏమీ చేయని నీళ్ళలో కూడా ఒక రకం అమీబా ఉండొచ్చు. అది ముక్కులోంచి మెదడుకు పోతే ప్రాణం మీదికొస్తుంది. 240 మిల్లీలీటర్ల నీళ్ళకు అర టీస్పూను ఉప్పు, చిటికెడు వంటసోడా. వట్టి నీళ్ళు పోస్తే భగ్గున మండుతుంది. తొట్టి మీదికి వంగి, తల పక్కకు తిప్పి, నోటితో గాలి పీలుస్తూ, ముక్కు కడిగే సీసాతో పైనున్న ముక్కు రంధ్రంలో సగం పొయ్యి. రెండో ముక్కులోంచి వస్తుంది. తర్వాత మిగతా సగం అటువైపు. ముక్కు పూర్తిగా బిగుసుకుని ఉంటే బలవంతంగా నొక్కొద్దు, ఒత్తిడి చెవికెక్కుతుంది. సీసా కడిగి ఆరబెట్టు.

ముక్కులో కొట్టే స్ప్రేల దగ్గరే అందరూ పొరపడతారు, రెండు రకాల సీసాలూ ఒక్కలాగే ఉంటాయి కదా! జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి, కానీ మూడు రోజులు దాటనీయకు. దాటితే మందు దిగిన ప్రతిసారీ ముక్కు ఇంకా గట్టిగా మూసుకుంటుంది, సీసా వదలలేవు. ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ స్టెరాయిడ్లు. వీటికి గుణం కనిపించాలంటే కొన్ని రోజులు పడుతుంది, ఇవి డాక్టరు చెప్పినన్నాళ్ళు వాడాలి. తల కొంచెం వంచి, కుడి ముక్కుకు ఎడమ చేత్తో, కంటి బయటి కొస వైపు గురిపెట్టి కొట్టు. నడిమి గోడకు తగిలితే రక్తం చిందుతుంది. ముందు కడుగు, కాసేపాగి స్ప్రే.

ఆవిరి పట్టొచ్చు, హాయిగా ఉంటుందంతే. మంచం మీద గిన్నె మాత్రం పెట్టుకోకు, తిరగబడితే ఒళ్ళు కాలుతుంది. అమృతాంజనం వాసనకు ముక్కు తెరుచుకున్నట్టనిపిస్తుంది గానీ లోపలి వాపు అంతే ఉంటుంది. నొప్పికి పారాసెటమాల్ చాలు. ఎక్స్‌రే దండగ. ఈ బాధ పన్నెండు వారాలు దాటినా పోనివాళ్ళకు సీటీ స్కాన్ తీస్తారు. అనంతపురం ఆషాఢం గాలి దుమ్మెత్తి పోస్తుంటే మాస్కు లేకుండా బయటికి పోవద్దు. దుమ్ము ఒంటికి సరిపడకపోతే ముక్కు లోపలి పొర మళ్ళీ వాస్తుంది.

ఒక్కవైపే కారుతూ కంపు కొడితే పై దవడ పన్ను చూపించు. దాని వేరు చెంప గదికి ఆనుకునే ఉంటుంది. కన్ను వాచినా, చూపు రెండుగా కనిపించినా, మెడ బిగుసుకున్నా, నుదురు ఉబ్బినా, మాట తడబడినా ఉదయం దాకా ఆగకు, రాత్రికి రాత్రే సర్వజన ఆసుపత్రికి పో. మీ పెదనాన్నలాగా షుగర్ ఉన్నవాళ్ళకు ముక్కులో నల్లటి పెచ్చు కనపడినా అంతే తొందర. 2021లో కరోనా తర్వాత నల్ల ఫంగస్ అన్నది అదే.

నీకు గురువారానికి పది రోజులు. ఆ సాయంత్రం ఫోన్ చేసి బరువు తగ్గిందో లేదో చెప్పు, రంగు చెప్పక్కర్లేదు.

అమ్మ