పొల్యూషన్ పత్రంలో కిలోమీటర్లూ రాయాలి

సంపాదకులకు నమస్కారం.

పాత కారు బేరంలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ‘ఎంత తిరిగింది?’ సగం ధర తేలేది అక్కడే. జవాబు కోసం అందరం మీటరు వైపే చూస్తాం.

పోయిన నెల మా అబ్బాయి కోసం విజయవాడలో ఒక ఆటో కన్సల్టెన్సీకి వెళ్లి 2018 మోడల్ డీజిల్ కారు చూశాం. మీటరులో 43 వేలు. ‘డాక్టరు గారి బండి, ఇంటికీ ఆసుపత్రికీ తప్ప తిరగలేదు’ అన్నారు. (అమ్మకానికి వచ్చే ప్రతి కారూ డాక్టరు గారిదే ఎందుకవుతుందో!) బండి తళతళలాడుతోంది. పదివేలు అడ్వాన్సు ఇచ్చేశాం.

మర్నాడు ఆటోనగర్ నుంచి తెలిసిన మెకానిక్కును వెంటబెట్టుకు వెళ్లాను. ఆయన బానెట్ జోలికే పోలేదు. డ్రైవరు తలుపు తీసి, గొంతుక్కూర్చుని, పెడళ్లు చూశాడు. క్లచ్ పెడల్ రబ్బరు మీద గాట్లు అరిగిపోయి నున్నగా ఉంది. బ్రేకుకు మాత్రం కొత్త రబ్బరు. తర్వాత టైరు అంచున ఉన్న నాలుగంకెలు చదివాడు: 1222. అంటే 2022లో 12వ వారంలో తయారైన టైరు. నాలుగూ అంతే. ‘43 వేలకు కంపెనీ టైర్లే ఇంకా ఉండాలి. ఇక్కడ రెండో సెట్టు కూడా సగం అరిగింది’ అన్నాడు. చివరికి తలుపు అంచున, పాలిష్ గుడ్డ అందని మూల, సగం చిరిగిన ఆయిల్ షాపు స్టిక్కరు దొరికింది. తారీఖు పోయింది, అంకె మిగిలింది. మళ్లీ ఆయిల్ మార్చవలసింది 1,18,000 దగ్గర!

కన్సల్టెన్సీ ఆయన తొణకలేదు. ‘మా దగ్గరికి వచ్చినప్పుడే అలా ఉందండీ, మేం ముట్టుకోలేదు’ అన్నాడు. నిజమే కావచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. ఓనరు నుంచి బ్రోకరుకు, ఆయన నుంచి మరో ఊరి కన్సల్టెన్సీకి, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చిన బండి మీటరును ఎవరు వెనక్కి తిప్పారని నిరూపించాలి? అడ్వాన్సు సంగతి అడిగితే ‘చూద్దాం’ అన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాం.

పాత రోజుల్లో అంకెల చక్రాలు తిరిగే మీటరును కెలికితే అంకెలు వంకరగా నిలబడి గుట్టు బయటపడేది. ఇప్పుడు డ్యాష్‌బోర్డు కింది సాకెట్‌కు ఒక పరికరం తగిలిస్తే చాలు, నిమిషాల పని. షోరూములో సర్వీసు రికార్డు అడగమని అందరూ చెబుతారు, మేమూ అడిగాం. వారంటీ అయిపోయాక బండి బయటి మెకానిక్కుల దగ్గరికి పోయింది, రికార్డు అక్కడితో ఆగింది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, మోసం కేసూ పెట్టవచ్చు. కానీ రుజువు తెచ్చుకోవలసింది కొన్నవాడే.

పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలని, తమ దగ్గరున్న బండి ఎప్పుడు, ఎందుకు, ఎంత దూరం తిరిగిందో ఎలక్ట్రానిక్ రిజిస్టరులో రాయాలని 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర నిబంధన ఉంది. మంచిదే. కానీ బండి డీలరు చేతికి రాకముందు గడిచిన ఏళ్లకు ఆ రిజిస్టరు ఏం చెబుతుంది?

ఇందుకు కొత్త వ్యవస్థ అక్కర్లేదు. బీఎస్-4, ఆపై ఉద్గార ప్రమాణాల కార్లు ఏడాదికోసారి పొల్యూషన్ పరీక్షకు వెళ్లాల్సిందే. బండి ఫొటోతో సహా ఆ వివరాలు ప్రభుత్వ సర్వరుకు చేరుతున్నాయి. అక్కడే మీటరు రీడింగ్ కూడా ఎక్కించి, బండి నంబరు కొట్టిన ఎవరికైనా కనిపించేలా పెడితే, ఒక ఏడాది 90 వేలున్నది మరుసటి ఏడాది 40 వేలైతే దాచడం ఎవరి వల్లా కాదు. బ్రిటన్‌లో ఏటా జరిగే ఎంఓటీ అనే వాహన తనిఖీ పరీక్షల్లో నమోదైన మైళ్లను ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. బెల్జియంలో 2006 నుంచి కిలోమీటర్ల చరిత్ర ఉన్న ‘కార్-పాస్’ పత్రం ఇవ్వకుండా పాత కారు అమ్మకూడదు. రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలూ కేంద్రాన్ని ఈ ఒక్క గడి కోసం గట్టిగా అడగాలి.

నిన్న నా సొంత కారుకు పొల్యూషన్ చేయించాను. గొట్టంలో పైపు పెట్టారు, నంబరు ప్లేటుకు ఫొటో తీశారు. మీటరు వైపు ఎవరూ చూడలేదు. అది 61,284. ఈ లేఖ మీరు అచ్చువేస్తే, దానికి ఉండే రికార్డు మీ పత్రిక ఒక్కటే.

— ఒక పాఠకుడు, పటమట, విజయవాడ